సినిమాలో దయ్యాన్ని చూస్తే నవ్వొస్తుంది, అదే దయ్యం చెవిలో మాట్లాడితే ఎందుకు వణుకు పుడుతుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. దయ్యాల సినిమాలు చూస్తే మీకు భయం వేయదు, చాలాసార్లు నవ్వొస్తుంది. స్నేహితురాలు చెప్పిందని ఒక రాత్రి పడుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక ఇంగ్లీషు హారర్ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. అందులో రక్తం లేదు, కేకలు లేవు. ఒక మనిషి ఏదో కాగితం చూసి చదువుతున్నాడు, అంతే. అయినా సగంలో ఆపేసి లేచి లైటు వేశారు. మర్నాడు మిగతా సగం వినకుండా ఉండలేకపోయారు. ఇలా ఎందుకు జరుగుతుంది, ఇంకా ఏవి వినొచ్చు, తెలుగులో వింటున్నవాటిలో ఈ భయం ఎందుకు రావడం లేదు అని మీ ప్రశ్నలు.

నేను చాలా ఏళ్ళు రేడియో నాటకాలకు రికార్డింగ్, ఎఫెక్ట్స్ పని చేశాను. ఇప్పుడు ఆడియో కథలకు సౌండ్ చేస్తున్నాను. నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది: బొమ్మ లేదు కాబట్టి ఊహ పనిచేస్తుంది, మన ఊహలోని దయ్యం తెర మీది దయ్యం కన్నా ఎప్పుడూ పెద్దదే అని. అందులో నిజం లేకపోలేదు. కానీ ఊహే అసలు కారణమైతే అచ్చులో చదివిన కథ ఇంకా ఎక్కువ భయపెట్టాలి. అక్కడ గొంతును కూడా మనమే ఊహించుకోవాలి కదా. 1980లలో వారపత్రికల్లో క్షుద్ర సీరియళ్ళు చదివి రాత్రిళ్ళు బయటికి వెళ్ళడానికి జంకిన తరం మాది, కాబట్టి అచ్చు అక్షరం బలం నాకు బాగా తెలుసు. అయినా అది వేరే రకం భయం. పుస్తకంలో వేగం మన చేతిలో ఉంటుంది. భయం వేసిన చోట కళ్ళు రెండు లైన్లు దాటి కిందికి దూకుతాయి, పేజీ చివర ఏముందో దొంగచూపు చూసొస్తాయి. ఆడియోలో ఆ దొంగచూపు కుదరదు. తలుపు తెరిచి లోపలికి వెళ్ళిన పాత్ర మూడు సెకన్లు మాట్లాడకపోతే, ఆ మూడు సెకన్లూ మీరు కూడా ఆ గుమ్మంలో నిలబడాల్సిందే.

చెవికి సంబంధించిన మామూలు సంగతులు కొన్ని ముందు చెప్పేస్తాను. రెండు ఇయర్‌ఫోన్స్‌లోనూ ఒకే గొంతు ఒకే స్థాయిలో వస్తే మెదడు దాన్ని గదిలో ఏ మూలా పెట్టలేక తల మధ్యలోనే పెట్టేస్తుంది. మైక్‌కి జానెడు దూరంలో నోరుంచి మెల్లగా మాట్లాడితే పెదవుల తడి, ఊపిరి తీసుకునే చప్పుడు, గుటక మింగడం అన్నీ రికార్డవుతాయి. నిజజీవితంలో మనకి అంత దగ్గరగా వచ్చి మాట్లాడేవాళ్ళు ఎంతమంది? చిన్నప్పుడు అమ్మ, పెళ్ళయ్యాక భార్యో భర్తో, రహస్యం చెప్పడానికి వచ్చిన స్నేహితులు. అంత చనువైన చోటుని ఒక అపరిచితుడి గొంతు ఆక్రమించుకుంటుంది, పైగా మనమే బటన్ నొక్కి పిలిచాం. ఒళ్ళు జలదరించడంలో సగం అక్కడే ఉంది, కథ ఇంకా మొదలవకముందే.

ఇక బైనారల్ రికార్డింగ్ అని ఒకటి వింటారు. మనిషి తలలాంటి బొమ్మకి రెండు చెవుల దగ్గర రెండు మైకులు పెట్టి రికార్డు చేస్తారు. ఎడమ పక్క చప్పుడైతే కుడి చెవికి అది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యంగా చేరుతుంది, తల అడ్డం కాబట్టి కాస్త మందంగా కూడా చేరుతుంది. ఆ చిన్న తేడాతోనే మెదడు దిక్కు పట్టేస్తుంది. అందుకే వీపు వెనక ఎవరో నడిచినట్టు వినిపించి తిరిగి చూస్తాం. బాగుంటుంది, కానీ నా దృష్టిలో దీని ఆయుష్షు తక్కువ. రెండు మూడు కథలయ్యేసరికి చెవి అలవాటు పడిపోతుంది.

కేక కూడా అంతే. 2015లో లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ తదితరులు ఒక పరిశోధన ప్రచురించారు. మనం మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు స్థాయి సెకనుకు నాలుగైదు సార్లు పెరిగి తగ్గుతుంటుంది. కేకలో మాత్రం ఆ హెచ్చుతగ్గులు సెకనుకు 30 నుంచి 150 సార్లు ఉంటాయని, ప్రమాద హెచ్చరికల అలారాల్లోనూ ఇదే లక్షణం కనిపిస్తుందని వాళ్ళు చూపించారు. ఆ గరుకుదనం వినగానే మెదడులో భయానికి సంబంధించిన భాగం స్పందిస్తుంది. అంటే కేక పెడితే ఎవరైనా ఉలిక్కిపడతారు. దానికి కథ అక్కర్లేదు, రచయిత అక్కర్లేదు. మీరు విన్న కథలో కేక లేదన్నారు చూడండి, నాకు ఆసక్తి కలిగించింది అదే. ఉలికిపాటు వేరు, లేచి లైటు వేసుకోవడం వేరు.

లైటు వేయించే భయం ఎక్కడి నుంచి వస్తుందో నా అభిప్రాయం చెప్తాను. మంచి హారర్ ఆడియో, వినేవాడికి కథ లోపల ఒక చోటు ఇస్తుంది. సినిమా మనల్ని ప్రేక్షకుడిగా సీట్లో కూర్చోబెడుతుంది. ఆడియో ఆ సీటు తీసేసి ఒక పాత్ర అప్పగిస్తుంది: ఫోన్లో పొరపాటున ఎవరి మాటలో విన్నవాడు, ఎవరూ నమ్మని సాక్ష్యాన్ని వింటున్నవాడు, ఆ ఊరి రేడియో పెట్టుకున్నవాడు. ఆ పాత్రని అప్పగించే తాళంచెవి ఏమిటంటే, కథలో ఉన్న యంత్రమూ మీ చేతిలో ఉన్న యంత్రమూ ఒకటే కావడం.

ఈ కళ పుట్టినప్పటి నుంచీ ఇదే కనిపిస్తుంది. 1924 జనవరి 15న బీబీసీ రిచర్డ్ హ్యూస్ రాసిన ఒక చిన్న నాటకం ప్రసారం చేసింది. ప్రత్యేకంగా రేడియో కోసమే రాసిన తొలి నాటకాల్లో ఒకటిగా దాన్ని చెప్తారు. వేల్స్‌లో ఒక బొగ్గు గని చూడడానికి వెళ్ళినవాళ్ళు. లోపల ఉండగా దీపాలు ఆరిపోతాయి. తర్వాత అంతా చీకటి, నీళ్ళ చప్పుడు, గొంతులు. పాత్రలకి ఏమీ కనిపించదు, రేడియో ముందున్నవాళ్ళకి కూడా ఏమీ కనిపించదు. రేడియోకి ఉన్న లోపాన్నే కథాస్థలంగా మార్చేశాడు ఆయన. వందేళ్ళ తర్వాత కూడా ఇంతకన్నా తెలివైన ఆలోచన ఈ రంగంలో నాకు ఎక్కువగా కనబడలేదు.

1938 అక్టోబర్ 30న అమెరికాలో సీబీఎస్ రేడియోలో వచ్చిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' నాటకం గురించి మీరు వినే ఉంటారు. అంగారక గ్రహం నుంచి దండయాత్ర నిజమనుకుని అమెరికా అంతా రోడ్ల మీదికి పరుగెత్తిందన్న కథ అందరికీ తెలుసు. అది చాలావరకు పత్రికలు పెంచి రాసింది. ప్రకటనల ఆదాయం రేడియోకి తరలిపోతున్న రోజులవి, రేడియోని నమ్మొద్దని చెప్పడానికి పత్రికలకి మంచి అవకాశం దొరికింది. భయపడినవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో కొందరు దాడి చేసింది జర్మన్లనుకున్నారు కూడా. దానికి కారణం ఉంది. సరిగ్గా నెల ముందు, యూరప్‌ని యుద్ధం అంచుకి తెచ్చిన మ్యూనిక్ సంక్షోభం నడిచింది. పాటల మధ్యలో కార్యక్రమం ఆపి యుద్ధ వార్తలు చెప్పడం జనానికి అప్పుడే అలవాటైంది. ఆ నాటకాన్ని నడిపించిన దర్శకుడు ఆర్సన్ వెల్స్‌కి అప్పటికి 23 ఏళ్ళు. రచయిత హోవర్డ్ కోచ్, వెల్స్ బృందం ఆ అలవాటునే పట్టుకున్నారు. హోటల్ నుంచి డాన్స్ సంగీతం వస్తుంటుంది, మధ్యలో వార్త, మళ్ళీ సంగీతం, మళ్ళీ వార్త.

ఆ నాటకంలో నాకు గొప్పగా అనిపించే చోటు న్యూజెర్సీలోని పొలంలో విలేకరి మాట్లాడుతుండగా మైక్ కట్ అయ్యే ఘట్టం. ఆ పాత్ర వేసిన ఫ్రాంక్ రెడిక్, అంతకు ముందు ఏడాది లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ కాలిపోతున్నప్పుడు రేడియో విలేకరి హెర్బర్ట్ మారిసన్ ఏడుస్తూ చెప్పిన ప్రత్యక్ష వివరణ రికార్డింగును వినీ వినీ తన గొంతును తయారుచేసుకున్నాడు. మాట మధ్యలో తెగిపోతుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. రేడియోలో నిశ్శబ్దం అంటే ఏమిటో ఆ ఉద్యోగం చేసినవాళ్ళకి తెలుస్తుంది. కొన్ని సెకన్లు ఖాళీ వెళ్తే డ్యూటీ రూములో ఫోన్లు మోగుతాయి. ఆ ఖాళీని కావాలనే వదిలారు. అది మంటల చప్పుడు కన్నా, గ్రహాంతరవాసి గురగుర కన్నా ఎక్కువ పనిచేసింది. ఎందుకంటే ఆ క్షణంలో కథలోని రేడియో, ఇంట్లోని రేడియో ఒకేసారి మూగపోయాయి.

తర్వాతది 1943 మే 25న 'సస్పెన్స్' అనే కార్యక్రమంలో లూసిల్ ఫ్లెచర్ రాసిన 'సారీ, రాంగ్ నంబర్'. ఇది మీరు తప్పకుండా వినాలి. మంచం దిగలేని ఒకామె భర్త ఆఫీసుకి ఫోన్ చేస్తుంటే లైన్లు కలిసిపోయి ఇద్దరు మగవాళ్ళ మాటలు వినబడతాయి. రాత్రి పదకొండుంపావుకి, వంతెన మీద రైలు వెళ్ళే సమయంలో, ఒక ఆడమనిషిని చంపాలని మాట్లాడుకుంటున్నారు. ఆమె ఆపరేటర్‌కి చేస్తుంది, పోలీసులకి చేస్తుంది. ఎవరూ పట్టించుకోరు. దాదాపు నాటకమంతా ఫోన్ కాల్సే. ల్యాండ్‌లైన్ రోజుల్లో మన ఇళ్ళలో క్రాస్ టాక్ విన్నవాళ్ళకి ఆ ఇబ్బంది తెలుసు: వినకూడనిది వింటున్నాం, పెట్టేయాలనిపించదు, మనం వింటున్నట్టు వాళ్ళకి తెలిస్తే ఎలా అని గుండె కొట్టుకుంటుంది. ఆగ్నెస్ మూర్‌హెడ్ ఆ పాత్రని అలాగే చేసింది. ఆమెని మొదట్లో మనకి నచ్చనివ్వదు. చిరాకు, దర్పం, గదమాయింపు. పావుగంట తర్వాత ఆ చిరాకు పొరలు పొరలుగా ఊడిపోయి కింద ఉన్న ఒంటరితనం బయటపడుతుంది. శ్రోతల కోరిక మీద దాన్ని ఎన్నోసార్లు మళ్ళీ ప్రసారం చేశారు.

ఇదే కాలంలో ఇంకో దారి కూడా ఉండేది. 1934లో షికాగోలో విల్లిస్ కూపర్ 'లైట్స్ అవుట్' అనే అర్ధరాత్రి కార్యక్రమం మొదలుపెట్టాడు, 1936 నుంచి ఆర్చ్ ఒబోలర్ నడిపాడు. ఎఫెక్ట్స్ పనివాళ్ళకి అది పండగ. క్యాబేజీని నరికితే తల తెగినట్టు, మాంసం దుకాణం నుంచి తెచ్చిన పక్కటెముకలు విరిస్తే మనిషి ఎముకలు విరిగినట్టు, పంది మాంసం వేయిస్తే కరెంటు కుర్చీలో మనిషి కాలినట్టు వినిపించేవి. ఈ కిటుకులు వినడానికి ఎంత సరదాగా ఉన్నా, ఆ భాగాలు ఇప్పుడు వింటే మనం చెయ్యి తిరిగిన పనితనాన్ని మెచ్చుకుంటాం, భయం మాత్రం వేయదు.

ఆసక్తికరమైన విషయమేమిటంటే, ఈ రక్తపు చప్పుళ్ళు మొదలుపెట్టిన కూపరే 1947లో 'క్వయట్, ప్లీజ్' అని పూర్తిగా వ్యతిరేకమైనది చేశాడు. ఎర్నెస్ట్ చాపెల్ అనే ఒక్క గొంతు, పక్కన కూర్చుని మాట్లాడినట్టు, నింపాదిగా. 1948లో వచ్చిన 'ది థింగ్ ఆన్ ది ఫోర్‌బుల్ బోర్డ్'లో చమురు బావుల్లో పనిచేసిన ఒకాయన మిమ్మల్ని తన ఇంటికి వచ్చిన అతిథిలా కూర్చోబెట్టి పాత సంగతి చెప్తాడు. ఫోర్‌బుల్ బోర్డ్ అంటే డ్రిల్లింగ్ టవర్ మీద ఎత్తున ఉండే పలక. ఆయన 'మీరు' అని మాట్లాడుతున్నది ఎవరితో, మీరు ఎందుకు ఆ ఇంట్లో ఉన్నారు అన్నది చివరికి తెలుస్తుంది. ఇంతకు మించి చెప్పను. ఒకే మనిషి దశాబ్దం పైగా పనిచేసి క్యాబేజీల నుంచి నిశ్శబ్దానికి ప్రయాణించాడంటే, అది ఈ రంగంలో పనిచేసే ప్రతివాడూ గమనించాల్సిన పాఠమని నా నమ్మకం.

టీవీ వచ్చాక అమెరికాలో ఇదంతా సన్నగిల్లింది. 'సస్పెన్స్' 1962 సెప్టెంబర్ 30న ఆగిపోయింది. మళ్ళీ ప్రాణం పోసింది జేబులోని ఫోను. ఇక్కడ ఒక పెద్ద మార్పు వచ్చింది. 1938లో కుటుంబమంతా ఒక రేడియో చుట్టూ కూర్చుని విన్నారు. భయం వేస్తే పక్కవాళ్ళ మొహం చూసుకున్నారు. ఇప్పుడు వినేవాడు ఒంటరి. బస్సులో నలభై మంది మధ్య కూర్చున్నా అతని చెవిలో జరిగేది ఇంకెవరికీ తెలియదు. అందుకే కొత్త తరం రచయితలు కేకలు తగ్గించి, గుసగుసలు పెంచారు.

కొత్తవాటిలోనూ యంత్రం సూత్రం మారలేదు. 2012లో మొదలైన 'వెల్‌కమ్ టు నైట్ వేల్' ఒక ఎడారి ఊరి కమ్యూనిటీ రేడియో వార్తలు. వింత సంగతులన్నీ వాతావరణ సూచన చెప్పినంత ప్రశాంతంగా చదువుతారు. 2014లో 'సీరియల్' అనే నిజమైన నేర పరిశోధన పాడ్‌కాస్ట్ ప్రపంచమంతా మారుమోగింది. ఒక విలేకరి మైక్ పట్టుకుని పాత కేసు తవ్వడం అంటే ఎలా వినిపిస్తుందో జనం చెవికి అలవాటైంది. మరుసటి ఏడాదే 'లైమ్‌టౌన్' వచ్చింది. టెనెసీలో ఒక పరిశోధనా పట్టణం నుంచి 300 మందికి పైగా మాయమయ్యారు, ఒక రేడియో విలేకరి వెతుకుతోంది. కథ కల్పితం, రూపం మాత్రం అచ్చంగా 'సీరియల్' లాంటి పరిశోధనదే. మ్యూనిక్ వార్తల అలవాటుని వెల్స్ వాడుకున్నట్టే వీళ్ళూ అప్పటి అలవాటుని వాడుకున్నారు.

మీరు చెప్పిన గుర్తులని బట్టి మీరు విన్నది 2016లో రస్టీ క్విల్ అనే బ్రిటిష్ సంస్థ మొదలుపెట్టిన 'ది మాగ్నస్ ఆర్కైవ్స్' అయుండాలి. కాకపోయినా తర్వాత వినాల్సింది అదే. లండన్‌లో వింత అనుభవాలపై పరిశోధన చేసే ఒక సంస్థ, అందులో పాత వాంగ్మూలాలు భద్రపరిచే గది. రచయిత జొనాథన్ సిమ్స్ తన పేరే పెట్టుకున్న అధికారి పాత్రలో ఒక్కో వాంగ్మూలం చదివి రికార్డు చేస్తుంటాడు. నిజమైన వాంగ్మూలాలు కంప్యూటర్‌లో రికార్డు కావు, చెడిపోతాయి. పాత టేప్ రికార్డర్‌లోనే నిలుస్తాయి. కాబట్టి ప్రతి ఎపిసోడ్ ఒక క్లిక్‌తో మొదలై క్లిక్‌తో ముగుస్తుంది. మొదటి కథలో ఎడిన్‌బరో సందులో రాత్రి ఒక ఆకారం సిగరెట్ అడుగుతుంది. అంతే అడుగుతుంది, ఒకే మాట, ఒకే తీరున. చదివే అధికారి అది నమ్మడు. ఎవరో తాగి వాగింది అన్న విసుగు గొంతులో ఉంటుంది. ఆ విసుగు వల్ల మనకి నమ్మకం కుదురుతుంది. భయపడాల్సిన బాధ్యత ఆయన తీసుకోలేదు కాబట్టి అది మన మీద పడింది. 2021లో 200 ఎపిసోడ్లతో ముగిసింది. మొదట్లో విడివిడి కథల్లా ఉన్నవి ఎక్కడెక్కడో పేర్లతో, వస్తువులతో ముడిపడుతూ పోతాయి. ఆ టేప్ రికార్డర్ ఎందుకు తిరుగుతోంది, అటువైపు వింటున్నదెవరు అన్న ప్రశ్న మొదట్లో రాదు, వచ్చాక పోదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. తెలుగు ఇళ్ళలో రాత్రిపూట కథ చెప్పేవాళ్ళు ఎదుటివాళ్ళు ఊఁ కొట్టాలని పట్టుబడతారు. ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది. నిద్రపోయారేమో చూసుకోవడానికని పైకి అనుకుంటాం, కానీ దయ్యం కథలో ఆ ఊఁ చేసే పని పెద్దది. విన్నవాడు ఊఁ అన్న ప్రతిసారీ కథకి తనూ కొంత బాధ్యుడవుతాడు. కరెంటు పోయిన రాత్రి వాకిట్లో మంచాలు వేసుకుని మా పెద్దవాళ్ళు కొరివిదయ్యాల గురించి చెప్పినప్పుడు కథని ఎప్పుడూ 'మా మేనమామ చూశాడు', 'తాటితోపు కాపలావాడు చెప్పాడు' అని మొదలుపెట్టేవారు. సాక్షి ఎవరో ముందు చెప్పేవారు. అంటే వాంగ్మూలం పద్ధతి మనకి కొత్తదేమీ కాదు.

రికార్డింగులో శ్రోత ఊఁ కొట్టలేడు, కొట్టినా ఎవరికీ వినబడదు. కాబట్టి మంచి రచయిత ఊఁ కొట్టే మనిషిని కథలోనే పెడతాడు: ఆ టెలిఫోన్ ఆపరేటర్, వాంగ్మూలాలు చదివే ఆ అధికారి, ఆ విలేకరి. 'నోస్లీప్' పాడ్‌కాస్ట్ 2011లో మొదలైంది. దాని కథలు రెడిట్ అనే చర్చల వెబ్‌సైటులో అదే పేరున్న విభాగం నుంచి వచ్చేవి. అక్కడ ఒక నియమం ఉంది: చదివినవాళ్ళు ఆ కథ నిజంగా జరిగిందన్నట్టే మాట్లాడాలి. ముక్కూమొహం తెలియని వేలమంది కలిసి ఊఁ కొట్టడమే అది. ఢాకాలో రేడియో ఫూర్తి 2010లో 'భూత్ ఎఫ్ఎం' మొదలుపెట్టి, శ్రోతలు తమకి జరిగిందని చెప్పే అనుభవాలనే ప్రసారం చేసింది. దానికి అంత ఆదరణ రావడానికి కూడా ఇదే కారణమనుకుంటాను.

ఇక మర్నాడు మళ్ళీ ఎందుకు వినాలనిపించింది అన్న ప్రశ్న. ప్రమాదం లేని భయం హాయిగా ఉంటుంది, ఆపే బటన్ మన చేతిలో ఉంది అని చెప్తారు. సరే, జెయింట్ వీల్‌కీ అదే జవాబు. హారర్ ఆడియోని ప్రేమించేవాళ్ళని చాలామందిని చూశాక నాకు తోచింది వేరు. ఈ కథల్లో ఎవరూ నమ్మని ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు. పోలీసులు నమ్మలేదు, డాక్టర్ నమ్మలేదు, ఇంట్లోవాళ్ళు కొట్టిపారేశారు. ఇక్కడ మాత్రం ఎవరో టేప్ ఆన్ చేసి, మొదటి నుంచి చెప్పమంటారు. అడ్డు రాకుండా చివరిదాకా వింటారు. ఇది మనుషులకి ఎంత అవసరమో మాటల్లో చెప్పలేను. నైట్ డ్యూటీ నర్సులు, రాత్రంతా కంప్యూటర్ ముందు ఉండే కుర్రాళ్ళు, పసిపిల్లకి పాలిస్తూ మేలుకుని ఉండే తల్లులు ఈ కథలు ఎక్కువగా వింటారని నా పరిచయాల్లో గమనించాను. వాళ్ళకి ఇది భయం కన్నా తోడు. భయంకరమైనదాన్ని ఒక స్థిరమైన గొంతు వరుస తప్పకుండా చెప్పుకుపోతుంటే మన లోపల చెప్పుకోలేని గందరగోళం కూడా కాస్త సర్దుకుంటుంది.

తెలుగులో భయం ఎందుకు రావడం లేదన్నారు. కథల కొరత కాదు, గొంతుల కొరత అసలే కాదు. ఒకప్పుడు ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వస్తే సినిమా సౌండ్ ట్రాక్‌ని బొమ్మ లేకుండా మాటలతో, అడుగుల చప్పుళ్ళతో గంటసేపు కదలకుండా విన్న జనం మనం. రేడియో నాటకాల్లో పేరు తెచ్చుకున్న ఎంతోమంది కళాకారులు ఇక్కడే పుట్టారు. వినే చెవి మనకి ఉంది. ఇప్పుడు యూట్యూబ్‌లో వచ్చే చాలా దయ్యం కథల్లో లోపం తయారీలో ఉంది. మొదటి సెకను నుంచి చివరిదాకా భయపెట్టే సంగీతం మోగుతూనే ఉంటుంది. ఎక్కడా ఆగదు కాబట్టి భయపడాల్సిన చోటేదో చెవికి తెలియదు. గొంతుకి ఎకో పెడతారు. ఎకో పెట్టగానే ఆ గొంతు దూరంగా, ఏదో గుహలోకి వెళ్ళిపోతుంది. చెవి పక్కన ఉండాల్సిన మనిషిని మనమే తరిమేశాం. నక్కల ఊళ, గుడ్లగూబ, గజ్జెల చప్పుడు, ఆడదాని నవ్వు ఎన్ని కథల్లో అవే! కథ చెప్పేవాడు 'అతి భయంకరమైన ఆ దృశ్యం చూసి' అని తానే వణికిపోతుంటాడు. ఆయనే అంత వణికితే మనకి వణకడానికి ఏం మిగిలింది?

అన్నింటికన్నా పెద్ద లోపం, ఆ గొంతు ఎవరిదో, ఎవరితో, ఎందుకు మాట్లాడుతోందో ఎవరూ ఆలోచించకపోవడం. ఇతర రాష్ట్రాల వైపు చూస్తే, కోల్‌కతా రేడియో మిర్చిలో 2009 నుంచి 'సండే సస్పెన్స్' నడుస్తోంది. బెంగాలీ సాహిత్యంలోని మంచి కథలు తీసుకుని, మంచి నటులతో చదివించి, చప్పుళ్ళని ఆచితూచి వాడతారు. భాష రాకపోయినా ఒకటి విని చూడండి, నిశ్శబ్దాన్ని ఎక్కడ వదిలారో తెలుస్తుంది. మన వారపత్రికల పాత సంచికల్లో ఇలా చేయదగ్గ కథలు బోలెడున్నాయి. రచయితల కుటుంబాలతో మాట్లాడి, హక్కులు తీసుకుని, మంచి గొంతులతో చేయించే ఓపిక కావాలి. ఎవరైనా ఆ పని మొదలుపెడితే నా వంతు పని నేను చేస్తాను, మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

మీరు వినాల్సిన వరుస గురించి. ముందు 'సారీ, రాంగ్ నంబర్' వినండి. అరగంట చాలు. పాత రేడియో రికార్డింగులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. తర్వాత 'ది థింగ్ ఆన్ ది ఫోర్‌బుల్ బోర్డ్'. ఈ రెండింటితో పునాది పడుతుంది. అప్పుడు 'మాగ్నస్' మొదటి నుంచి, వరుస తప్పకుండా. బ్రిటిష్ యాస కష్టమైతే ప్రతి ఎపిసోడ్‌కీ రాతప్రతి ఉంది, మొదటి రెండు మూడు ఎపిసోడ్లకి అది పక్కన పెట్టుకోండి, తర్వాత అవసరం ఉండదు. అమెరికా బొగ్గు కొండల నేపథ్యం ఇష్టమైతే 2019లో మొదలైన 'ఓల్డ్ గాడ్స్ ఆఫ్ అపలాచియా' ఉంది. అందులో స్టీవ్ షెల్ గొంతు వింటుంటే ఆ ఊరి పెద్దమనిషి ఎవరో అరుగు మీద కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. ఒక్క గొంతు తప్ప ఇంకేమీ వద్దనుకుంటే 'నైఫ్‌పాయింట్ హారర్' వినండి. నిరాడంబరతలో దానికి సాటి వచ్చేది తక్కువ.

వాల్యూమ్ తక్కువలో పెట్టుకోండి. గొంతు వినడానికి మీరు కొంచెం ముందుకి వంగాల్సి వచ్చినంత తక్కువలో. ఒకేసారి అయిదారు ఎపిసోడ్లు వినొద్దు, మొద్దుబారిపోతారు. నిద్రపోయేముందు ఆటోప్లే ఆపేయండి, సగం నిద్రలో చెవిలో పడ్డ కథ కలలోకి వచ్చి తెల్లవారేదాకా వదలదు. పురుగులు, ఇరుకు చోట్లు, ఊపిరాడకపోవడం, చిన్నపిల్లలకి హాని లాంటివి మీకు పడకపోతే ఎపిసోడ్ వివరణలో ఇచ్చిన హెచ్చరికలు ముందే చదవండి. అది పిరికితనం కాదు. ఆందోళన సమస్యకి చికిత్సలో ఉన్నవాళ్ళు రాత్రిపూట కాకుండా పగలు, ఏదో పని చేసుకుంటూ వింటే మంచిది.

చివర్లో మీరు తెలుగులో ఒకటి సొంతంగా చేసి చూడాలనుందని కూడా రాశారు. తప్పకుండా చేయండి. ఖరీదైన మైక్ అక్కర్లేదు. బట్టల బీరువా తలుపులు తెరిచి, వెనక ఒక దుప్పటి వేలాడదీసి, ఫ్యాన్ ఆపేసి ఫోన్లో రికార్డు చేసినా మొదటి ప్రయత్నానికి చాలు. కథ రాసేముందు మూడు సంగతులు తేల్చుకోండి: ఈ మాటలు ఎవరు రికార్డు చేస్తున్నారు, ఏ యంత్రంతో, ఎవరు వినాలని. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు తీసుకోండి. ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న తల్లి అమెరికాలో ఉన్న కొడుక్కి రోజూ పంపే మెసేజ్‌లు అనుకుందాం. పెరటి తలుపు గురించి ఒకరోజు మామూలుగా చెప్తుంది, మర్నాడు ఇంకోలా చెప్తుంది. కొడుకు జవాబులు వినిపించొద్దు. సంగీతం వద్దు. ఫోన్లో నిజంగా వచ్చే బీప్ చప్పుడు, ఆమె ఊపిరి, వెనక టీవీ ఉంటే చాలు. నాలుగో రోజు మెసేజ్‌లో టీవీ చప్పుడు ఉండకూడదు, ఎందుకు లేదో ఆమె చెప్పకూడదు. పది నిమిషాలు దాటనివ్వకండి. రికార్డు చేసి పంపితే నేను విని, ఎక్కడ కత్తిరించాలో రాస్తాను.